మోగే గొట్టాలు: కళ, విజ్ఞానశాస్త్రం, ఇంజినీరింగ్ కలిసిన పాఠశాల ప్రాజెక్టు చేయించే విధానం

కళ, విజ్ఞానశాస్త్రం, ఇంజినీరింగ్ మూడూ కలిసిన ప్రాజెక్టులని పేరు పెట్టి ప్రదర్శనలో ఉంచిన నమూనాలను దగ్గరికి వెళ్లి పరిశీలిస్తే, చాలావాటిలో పని ఒకే వరుసలో జరిగినట్లు తెలిసిపోతుంది. ముందుగా పాఠ్యపుస్తకంలోని ఒక సూత్రాన్ని ఎంచుకుంటారు, దానిని చూపించే నమూనా ఒకటి తయారుచేస్తారు, ప్రదర్శన రేపనగా అట్ట చుట్టూ రంగు కాగితాలు అతికించి, నాలుగు పూలు గీసి, కళ కూడా చేరిందని తృప్తిపడతారు. ఆ కాగితాలను ఊడబెరికినా నమూనా పనిచేసే తీరులో వెంట్రుకవాసి తేడా రాదు. తేడా రానప్పుడు అది అలంకారమే అవుతుంది. అలంకారం తప్పేమీ కాదు, కానీ పిల్లలు వారాల తరబడి శ్రమించే పనిలో కళకు దక్కవలసిన చోటు అంతకన్నా పెద్దది.

ఇక్కడ ఈ మూడు మాటలను నేను ఏ అర్థంలో వాడుతున్నానో ముందే చెప్పడం మంచిది. చూసేవారికి, వినేవారికి, ముట్టుకునేవారికి ఎలాంటి అనుభవం కలగాలో నిర్ణయించడం కళ. ఆ అనుభవానికి కారణమైన ప్రకృతి నియమాన్ని కొలిచి, లెక్కగట్టి తెలుసుకోవడం విజ్ఞానశాస్త్రం. దొరికిన సామగ్రితో, ఇచ్చిన గడువులో, వంద మంది ముట్టుకున్నా చెడిపోకుండా ఆ వస్తువును నిలబెట్టడం ఇంజినీరింగ్. ప్రాజెక్టును ఎంచుకునేటప్పుడు నేను విద్యార్థులను అడిగే ప్రశ్న ఒకటే: ఈ మూడింటిలో ఏ ఒక్కదానిని పక్కన పెట్టినా మిగిలిన రెండూ కుంటుపడతాయా? కుంటుపడతాయని ఉదాహరణతో చూపగలిగితే ఆ ప్రాజెక్టు చేయదగినది.

ఈ ప్రశ్నకు నిలబడేవి అనేకం ఉన్నాయి. సన్నని తీగలకు ఆకారాలు వేలాడదీసి, గాలికి మెల్లగా తిరిగేలా చేసే వేలాడే శిల్పాన్ని తీసుకుంటే, ఒక ఆకారాన్ని పెద్దది చేయాలన్న కోరిక వెంటనే బలభ్రామకాన్ని, అంటే బరువు తీగను తిప్పే ప్రభావాన్ని, మార్చేస్తుంది, తీగను వేలాడదీసే బిందువు జరపక తప్పదు. ఆ కళారూపానికి ప్రపంచ ప్రఖ్యాతి తెచ్చిన అలెగ్జాండర్ కాల్డర్ 1919లో మెకానికల్ ఇంజినీరింగ్ పట్టా పొందిన వ్యక్తి కావడంలో ఆశ్చర్యపడవలసింది లేదు. కాగితపు మడతలూ అంతే: జపాన్‌కు చెందిన కోర్యో మియురా రూపొందించిన మడత పద్ధతిలో పెద్ద కాగితాన్ని రెండు మూలలు పట్టుకుని లాగితే ఒక్కసారిగా విచ్చుకుంటుంది, 1995లో అంతరిక్షంలోకి వెళ్లిన ఒక జపాన్ ఉపగ్రహంలో పలకను విప్పడానికి అదే మడతను వాడారు. నీడ గడియారంలో ముల్లును ఆ ఊరి అక్షాంశానికి సమానమైన కోణంలో వంచాలి కనుక, దాని రూపాన్ని గీసే చేతికి ఖగోళం తెలిసి ఉండాలి. దీనికి భిన్నంగా, నురగలు కక్కే అగ్నిపర్వతం నమూనాను నేను ఒప్పుకోను. అందులో రసాయన చర్య ఉంటుంది, రంగు ఉంటుంది, కానీ ఒకదాని నిర్ణయం ఇంకొకదానిని కదిలించదు.

ఈ వ్యాసంలో మాత్రం ఒకే ప్రాజెక్టును మొదటి నుంచి చివరిదాకా తీసుకుంటాను. ఎనిమిది నుంచి పదో తరగతి దాకా విద్యార్థులు నలుగురైదుగురు కలిసి ఆరు వారాలలో చేయగలిగిన పని అది: అల్యూమినియం గొట్టాలను వేర్వేరు పొడవులకు కోసి, స్వరాలు పలికే వాద్యంగా తయారుచేయడం.

మొదట మూడు ముక్కలు

సుమారు 20 మిల్లీమీటర్ల బయటి వ్యాసం, 1.5 మిల్లీమీటర్ల గోడ మందం ఉన్న అల్యూమినియం గొట్టం మూడు మీటర్లు ఉంటే పని మొత్తానికి సరిపోతుంది. అంతా ఒకే గొట్టం నుంచి కోసినదై ఉండడం ముఖ్యం, ఎందుకంటే వ్యాసం గానీ మందం గానీ మారితే పొడవు మీద వేసిన లెక్కలు పొసగవు. వీటితో పాటు లోహాన్ని కోసే రంపం, ఆకురాయి, డ్రిల్లు, గొట్టాన్ని బిగించి పట్టే వైసు, కళ్లద్దాలు, నైలాన్ తాడు, చెక్క పట్టీలు, స్క్రూ కొక్కేలు, పౌనఃపున్యాన్ని, అంటే సెకనుకు ఎన్ని కంపనాలో, హెర్ట్జ్‌లలో చూపించే యాప్ ఉన్న ఫోను కావాలి.

వాద్యం గురించి మాట మొదలుపెట్టకముందే 40, 30, 20 సెంటీమీటర్ల పొడవున్న మూడు ముక్కలు కోయించండి. ఒక్కొక్కదానిని చివరి నుంచి దాదాపు నాలుగో వంతు దూరంలో రెండు వేళ్లతో తేలికగా పట్టుకుని, నడిమధ్యన రబ్బరు తొడిగిన పుల్లతో కొట్టి, వచ్చిన పౌనఃపున్యాన్ని రాసుకోవాలి. ఒక్కో ముక్కను ఐదుసార్లు కొట్టి సగటు తీయడం అలవాటు చేయండి, యాప్ అప్పుడప్పుడు అసలు స్వరాన్ని వదిలి, దానితో పాటే పుట్టే పై స్వరాన్ని (అతిస్వరాన్ని) పట్టుకుంటుంది. పైన చెప్పిన కొలతల గొట్టమైతే 40 సెంటీమీటర్ల ముక్క సుమారు 740 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది.

20 సెంటీమీటర్ల ముక్కను కొట్టే ముందు, అది ఎంత చూపిస్తుందో ప్రతి ఒక్కరూ ఊహించి కాగితం మీద రాయాలని పట్టుబట్టండి. తీగ వాద్యాల పాఠం చదివినవారు పొడవు సగమైతే పౌనఃపున్యం రెట్టింపవుతుందని రాస్తారు. కొట్టి చూస్తే అది రెట్టింపు కాదు, నాలుగు రెట్లకు దగ్గరగా వస్తుంది. బిగించిన తీగలో పౌనఃపున్యం పొడవుకు విలోమానుపాతంలో ఉంటుంది. రెండు కొసలూ స్వేచ్ఛగా ఉండి, వంగుతూ కంపించే కడ్డీలో గానీ గొట్టంలో గానీ అది పొడవు వర్గానికి విలోమానుపాతంలో ఉంటుంది. తీగను వెనక్కి లాగేది దాని బిగువు, గొట్టాన్ని వెనక్కి లాగేది లోహపు బిరుసుతనం. పొట్టి గొట్టాన్ని వంచడం చాలా కష్టం కనుకనే స్వరం అంత వేగంగా పైకి పోతుంది. ఈ నియమాన్ని ముందే చెప్పి చూపించడంకన్నా, తప్పు ఊహ రాయించి కొట్టించడమే మేలని నా అనుభవం. తమ అంకె తామే కొట్టివేసుకున్న విద్యార్థి ఆ వర్గాన్ని మరిచిపోడు.

పొట్టి ముక్క లెక్కకన్నా కొద్దిగా తక్కువ పౌనఃపున్యం చూపిస్తే కంగారుపడవలసిన పని లేదు. పొడవుతో పోలిస్తే గొట్టం లావుగా ఉన్నప్పుడు సరళ సూత్రం కొంత తప్పుతుంది. ఆ తేడాను నోట్‌బుక్‌లో అలాగే ఉంచాలి, అంకెలను సూత్రానికి సరిపోయేలా దిద్దనివ్వకూడదు.

స్వరాలను ఎంచుకోవడం

ఏ స్వరాలు పలకాలన్నది కళకు సంబంధించిన నిర్ణయం, అది పిల్లలదే కావాలి. మొదటిసారి చేసేవారికి స, రి, గ, ప, ద, పై స అనే ఆరు గొట్టాలు సరిపోతాయి. ఇవి మోహన రాగంలోని స్వరాలు. వీటిలో ఏ రెండింటిని ఏ వరుసలో కొట్టినా చెవికి ఇంపుగానే ఉంటాయి కనుక, ప్రదర్శనకు వచ్చిన చిన్నపిల్లలు ఇష్టం వచ్చినట్లు వాయించినా గోలగా వినిపించదు. ఇంపు వద్దు, ఉత్కంఠ కలిగించే ధ్వని కావాలని ఒక బృందం కోరుకుంటే అదీ మంచి నిర్ణయమే, కానీ అలా ఎందుకు కోరుకున్నారో ఒక వాక్యంలో రాసి సంతకాలు చేయాలి. ఆ తర్వాత వచ్చే ప్రతి చిక్కులోనూ ఆ వాక్యమే తీర్పు చెబుతుంది.

షడ్జమంతో పోలిస్తే రిషభం 9/8 రెట్లు, గాంధారం 5/4, పంచమం 3/2, ధైవతం 5/3, పై షడ్జమం 2 రెట్ల పౌనఃపున్యంతో ఉంటాయి. పొడవు వర్గమూలంలో మారుతుంది కనుక, ఈ నిష్పత్తిని తలకిందులు చేసి వర్గమూలం తీసి మొదటి గొట్టం పొడవుతో గుణించాలి. పంచమానికి 2/3 వర్గమూలం 0.816, దానిని 40తో గుణిస్తే 32.7 సెంటీమీటర్లు. అదే తీరున రిషభం 37.7, గాంధారం 35.8, ధైవతం 31.0, పై షడ్జమం 28.3 సెంటీమీటర్లు అవుతాయి. పరీక్షకు కోసిన 30 సెంటీమీటర్ల ముక్కనే తగ్గించి పై షడ్జమంగా వాడుకోవచ్చు.

వర్గమూలం మరిచిపోయి 40ని నేరుగా 2/3తో గుణించిన విద్యార్థి 26.7 సెంటీమీటర్లకు కోసేస్తాడు, అప్పుడు పంచమం రావలసిన చోట పై స్థాయి రిషభం పలుకుతుంది. ఆ ముక్కను పారేయవద్దు, దాని అవసరం తర్వాత పడుతుంది.

కోసేటప్పుడు ప్రతి గొట్టాన్నీ లెక్కకన్నా మూడు మిల్లీమీటర్లు పొడవుగా ఉంచి, తర్వాత రెండు కొసలనూ సమానంగా ఆకురాయితో అరగదీస్తూ శ్రుతి కలపాలి. 30 సెంటీమీటర్ల గొట్టంలో ఒక్క మిల్లీమీటరు తగ్గిస్తే పౌనఃపున్యం సుమారు 0.7 శాతం పెరుగుతుంది. పక్కపక్కనున్న రెండు స్వరస్థానాల మధ్య దూరం ఆరు శాతం దాకా ఉంటుంది కనుక ఆ మార్పు చిన్నదే అయినా, రెండు గొట్టాలను వెంటవెంటనే కొట్టినప్పుడు శిక్షణ ఉన్న చెవికి దొరికిపోతుంది. తీసిన లోహాన్ని తిరిగి అతికించలేము కాబట్టి చివరి మిల్లీమీటరు దగ్గర పది రుద్దులకొకసారి ఆగి వినాలి. ఆకురాయి వేడికి గొట్టం వెచ్చబడితే చల్లారేదాకా ఆగాలి. ఈ దశలో యాప్‌ను మూసేసి చెవితో కలపమని ఒకసారైనా చెప్పండి. ఆ తర్వాత యాప్‌తో సరిచూసుకుంటే, చెవి ఎంతవరకు నమ్మదగినదో పిల్లలకే తెలుస్తుంది.

కదలని చోటు

ఈ ప్రాజెక్టుకు ప్రాణం ఇక్కడ ఉంది. నేను మొదటిసారి ఈ పని చేయించినప్పుడు బృందంలోని పిల్లలు ముందుగానే చక్కని దీర్ఘచతురస్రాకారపు చట్రం తయారుచేసి, నగిషీ చెక్కి, వార్నిష్ కూడా పూశారు. గొట్టాల కొసలు రెండు పట్టీల మీద సరిగ్గా ఆనేలా ఒక్కొక్కదానిని అమర్చి కొట్టారు. మోగవలసిన గొట్టం కర్రను కర్రతో కొట్టినట్లు టక్కుమంది. ఆరు గొట్టాలదీ అదే తీరు. వార్నిష్ పూసిన అమ్మాయి ఏమీ మాట్లాడకుండా ఒక గొట్టాన్ని పైకి తీసి, పరీక్ష రోజున పట్టుకున్నట్లే రెండు వేళ్ల మధ్య పట్టుకుని కొట్టింది. గది నిండా నాదం పరుచుకుంది. వేళ్లను మెల్లగా కొసవైపు జరుపుతూ మళ్లీ మళ్లీ కొడుతూ పోతే, ఒకచోట నుంచి నాదం తరగడం మొదలై, కొసకు చేరేసరికి చచ్చిపోయింది. ఆమె చేతిని ఎవరూ ఆపలేదు, ఎవరూ ఏమీ వివరించలేదు. గొట్టం మీద పెన్సిలుతో గీత పెట్టింది కూడా ఆమే.

ఆ గీత పడిన చోటు అస్పందన బిందువు. రెండు కొసలూ స్వేచ్ఛగా ఉన్న గొట్టం తన మూల స్వరంలో కంపించేటప్పుడు మధ్యభాగం, రెండు కొసలూ ఎదురెదురు దిశల్లో ఊగుతుంటాయి, వాటి నడుమ రెండు చోట్ల మాత్రం కదలిక ఉండదు. ఆ రెండు బిందువులూ ఒక్కో కొస నుంచి మొత్తం పొడవులో 22.4 శాతం దూరంలో ఉంటాయి. అక్కడ ఆధారం ఇస్తే కంపనానికి అడ్డు ఉండదు, మరెక్కడ ఇచ్చినా ఆధారమే శక్తిని తాగేస్తుంది. ఇదే విషయాన్ని కంటితో చూడాలంటే, చదునైన లోహపు పట్టీని ఇవే బిందువుల దగ్గర మెత్తని స్పాంజి ముక్కల మీద ఆనించి, పైన సన్నని ఉప్పు చల్లి, నడుమ తేలికగా తడుతూ ఉండాలి. ఉప్పు ఎగిరెగిరి కదలని గీతల మీదికి చేరుకుంటుంది. జర్మన్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ క్లాడ్నీ పలకల మీద ఇసుక చల్లి, అంచును వయొలిన్ కమానుతో మీటి రాబట్టిన ఆకృతులను 1787లో ప్రచురించాడు. ధ్వనిని బొమ్మగా చూపిన ఆ పని విజ్ఞానమా, చిత్రకళా అని విడదీయడం నావల్ల కాదు.

మన ఆరు గొట్టాలకు కొస నుంచి అస్పందన బిందువు దూరం వరుసగా 9.0, 8.4, 8.0, 7.3, 6.9, 6.3 సెంటీమీటర్లు. వీటిని ఆఖరి పొడవును బట్టి లెక్కించి, కొసల్లో అరగదీయడానికి వదిలిన భాగాన్ని కలుపుకుని గుర్తు పెట్టాలి. గుర్తుపెట్టిన చోట గొట్టానికి అడ్డంగా, రెండు గోడల గుండా పోయేలా మూడు నాలుగు మిల్లీమీటర్ల రంధ్రం వేయాలి. గుండ్రని గొట్టం మీద డ్రిల్లు మొన జారుతుంది కనుక ముందుగా మేకుతో చిన్న గుంట కొట్టడం, గొట్టాన్ని వైసులో గుడ్డ చుట్టి బిగించడం, కళ్లద్దాలు పెట్టుకోవడం తప్పనిసరి. గొట్టాన్ని చేత్తో పట్టుకుని రంధ్రం వేయడానికి ఎవరినీ, ఎంత తొందరలో ఉన్నా, అనుమతించవద్దు. డ్రిల్లు నడిచేంతసేపూ పెద్దవారొకరు పక్కనే నిలబడాలి. అంచుల్లో మిగిలిన పదునైన లోహపు పీచును ఆకురాయితో తీసేయకపోతే వేళ్లు తెగుతాయి, తాడూ తెగుతుంది.

చట్రం ఆకారం ఎక్కడి నుంచి వస్తుంది

ఆరు గొట్టాలను మధ్యరేఖ కలిసేలా, సమాన దూరాల్లో పక్కపక్కన నేల మీద పరిచి, అస్పందన బిందువులను సుద్దముక్కతో కలపమనండి. మధ్యరేఖ నుంచి ఆ బిందువుల దూరం మొదటి గొట్టానికి 11 సెంటీమీటర్లు, చివరిదానికి 7.8. మిగిలినవి ఆ రెంటి మధ్య దాదాపు సరళరేఖ మీదే పడతాయి, తేడా ఒకటి రెండు మిల్లీమీటర్లు మించదు. అంటే ఆధారపు పట్టీలు రెండూ సమాంతరంగా ఉండలేవు, ఒకదానివైపు ఒకటి వాలుతూ పోవాలి. పిల్లలు ముందు గీసుకున్న దీర్ఘచతురస్రం అక్కడికక్కడే ట్రెపీజియంగా మారిపోతుంది.

ఇక్కడ బృందం పునరాలోచించవలసి ఉంటుంది, గైడ్ టీచర్ మౌనంగా ఉండవలసింది కూడా ఇక్కడే. ఈ వాలును దాచడానికి చుట్టూ అట్టతో పెట్టె కట్టవచ్చు. లేదా ఆ వాలునే వాద్యానికి రూపంగా తీసుకోవచ్చు. నేను చెప్పిన బృందం వార్నిష్ పూసిన చట్రాన్ని పక్కన పెట్టి, వాలు పట్టీలను కొసల వద్ద ఇంకాస్త పొడిగించి, మొత్తాన్ని ముడుచుకుంటున్న పక్షి రెక్కలా మలిచింది. గొట్టాలు ఈకలయ్యాయి. రెక్కను అనుకుని గొట్టాలను కోస్తే అపస్వరాలే మిగిలేవి. స్వరాలను సరిగ్గా కోసినందువల్ల రెక్క దానంతటదే కనబడింది, కనబడినదాన్ని పట్టుకోవడం వారి కళ.

తాడును ఒక పట్టీ పొడవునా గొట్టాల రంధ్రాల గుండా వరుసగా ఎక్కించి, ప్రతి రెండు గొట్టాల మధ్యా ఒక స్క్రూ కొక్కెం మీదుగా పోనిచ్చి బిగించాలి. గొట్టాలు చెక్కను ఎక్కడా తాకకూడదు, ఒకదానినొకటి తాకకూడదు. వాటి మధ్య కనీసం ఒక సెంటీమీటరు సందు ఉండాలి. తాడు వదులైతే గొట్టం కుంగి పట్టీకి తగులుతుంది, మరీ బిగిస్తే కొక్కేలు చెక్కను చీలుస్తాయి. కొద్ది రోజుల్లో నైలాన్ తాడు సాగుతుంది కనుక, ఒక కొసను ముడి వేయకుండా మళ్లీ బిగించే వీలున్న స్క్రూకు కట్టాలి. పూర్తయిన వాద్యాన్ని ఇద్దరు ఎత్తి, మెట్లు దిగి, గదులు మారి తెచ్చినా శ్రుతి చెడకపోతే, తాడు సడలకపోతే ఇంజినీరింగ్ పరీక్షలో నెగ్గినట్లే.

రంగు ఎక్కడ వేయాలి, దేనితో కొట్టాలి

మందపాటి రంగు గొట్టం బరువును పెంచి శ్రుతిని దించుతుంది, కంపనాన్ని త్వరగా అణచివేస్తుంది. నమ్మని వారుంటే మిగిలిన ముక్క మీద రెండు పూతలు వేసి, ముందూ తర్వాతా నాదం ఎన్ని సెకన్లు నిలిచిందో కొలిపించండి. మరి రంగే లేకుండా ఉండాలా? కదలని చోట వేయవచ్చు. అస్పందన బిందువుల దగ్గర వేలెడు వెడల్పున సన్నని రంగు పట్టీ వేసినా, రంగుదారం ఒకటి రెండు చుట్లు చుట్టినా స్వరానికి దాదాపు ఏమీ కాదు. ఆరు గొట్టాల మీదా అలా వేసిన పట్టీలు రెండు వాలు గీతలై, ఈ వాద్యంలో ఏది నిశ్చలంగా ఉంటుందో చూసేవారికి ఒక్క చూపులో చెబుతాయి. మధ్యభాగాన్ని మెరిసే లోహంగానే వదిలేయాలి. అక్కడ కొట్టాలని ఆ మెరుపే చెబుతుంది.

మధ్యలోనే ఎందుకు కొట్టాలన్నదానికి కారణం ఉంది. గొట్టంలో మూల స్వరంతో పాటు దానికి 2.76 రెట్లు, 5.4 రెట్ల పౌనఃపున్యం గల అతిస్వరాలు కూడా పుడతాయి. ఇవి తీగలో లాగా రెండు, మూడు రెట్లు కావు, అందుకే లోహపు గొట్టం నాదంలో గంటను తలపించే గుణం ఉంటుంది. 2.76 రెట్ల కంపనానికి గొట్టం నడిమధ్యన అస్పందన బిందువు ఉంది, కనుక అక్కడ కొడితే ఆ అతిస్వరం లేవదు, మూల స్వరం స్వచ్ఛంగా వినిపిస్తుంది. కొసకు దగ్గరగా కొడితే గంటదనం పెరుగుతుంది. పుల్ల కొసన చెక్క పూస పెడితే పై స్వరాలు పదునుగా లేస్తాయి, ఉన్నిదారం ఉండలా చుడితే అణగిపోతాయి. ఇలా మూడు రకాల పుల్లలు చేయించి, ఏ పుల్లతో వాద్యం తాము రాసుకున్న వాక్యానికి దగ్గరగా పలుకుతుందో బృందమే తేల్చుకోవాలి.

అతిస్వరాల ప్రస్తావన వచ్చింది కనుక ఒక్క మాట. గుండ్రని చర్మం మీద పుట్టే అతిస్వరాలు కూడా స్వభావరీత్యా పూర్ణాంక రెట్లుగా ఉండవు. మృదంగం చర్మం నడుమ పొరలు పొరలుగా వేసే నల్లని పూత వాటిని పూర్ణాంక నిష్పత్తులకు దగ్గరగా తెస్తుందని సి.వి. రామన్ చూపించారు. 1920లో ఆయన, సహ పరిశోధకుడొకరు కలిసి దీని గురించి ప్రచురించారు. సూత్రం తెలియకముందే ఆ పూతను చెవితో విని దిద్దుకున్న వాద్య నిర్మాతల గురించి పిల్లలకు తప్పక చెప్పండి, తాము ఆకురాయి పట్టుకుని చేస్తున్నది అదే కోవకు చెందిన పని అని వారికి తెలియాలి.

సమయం మిగిలితే ప్రతి గొట్టం కింద ఒక వైపు మూసిన అట్ట గొట్టాన్ని నిలువుగా అమర్చి, లోపలి గాలి కూడా అదే స్వరానికి మోగి నాదం పెద్దదయ్యేలా (అనునాదం) చేయవచ్చు. దాని పొడవు గాలిలో ధ్వని తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు ఉండాలి, 740 హెర్ట్జ్‌కు అది సుమారు 11.6 సెంటీమీటర్లు, పై షడ్జమానికి అందులో సగం. అడుగున బిరడాను పైకీ కిందికీ జరుపుతూ నాదం ఉబికే చోటును చెవితో పట్టుకోవడం ఉత్తమం.

పని పంచుకోవడం, నోట్‌బుక్

చిత్రాలు బాగా గీసేవారికి రంగు, లెక్కలు వచ్చినవారికి వర్గమూలాలు, చేతిపని తెలిసినవారికి రంపం అని పంచితే, ఒకే బల్ల మీద మూడు వేర్వేరు ప్రాజెక్టులు జరుగుతాయి. వారం వారం పనులు మార్చాలి. ఒక్కొక్కరూ కనీసం ఒక గొట్టాన్ని కొలవడం నుంచి శ్రుతి కలపడం దాకా తామే పూర్తిచేయాలి. వేగం తగ్గుతుంది, తగ్గనివ్వండి.

నోట్‌బుక్ ఒక్కటే ఉండాలి, అందులో చట్రం బొమ్మలు, కొలతల పట్టికలు, విరిగిన కొక్కెం స్కెచ్ అన్నీ వరుసగా తేదీలతో ఉండాలి. శుభ్రంగా తిరగరాసిన ప్రతిని నేను చూడను. ప్రతి మార్పు పక్కనా మూడు ముక్కలు రాయమంటాను: ఏమి మార్చాము, ఎందుకు మార్చాము, దానివల్ల ఇంకేమి మారింది. మూడో గడి ఖాళీగా ఉండిపోయిన పేజీలు వరుసగా కనిపిస్తే, పని మళ్లీ విడివిడి ముక్కలైపోతోందని గ్రహించి ఆ రోజే బృందాన్ని కూర్చోబెట్టాలి. మార్కులు వేసేటప్పుడు కూడా ఆ మూడో గడికే ఎక్కువ విలువ ఇవ్వడం సమంజసం. వాద్యం ఎంత అందంగా మోగింది అన్నదానికి మార్కులు కుమ్మరిస్తే, శ్రుతి తప్పిన గొట్టాన్ని దాచే పిల్లలే తయారవుతారు.

ప్రదర్శన రోజు

బల్ల మీద వాద్యంతో పాటు మరో రెండు వస్తువులు ఉంచాలి. ఒకటి, వర్గమూలం మరిచి 26.7 సెంటీమీటర్లకు కోసిన గొట్టం. రెండోది, మిగిలిన గొట్టం నుంచి పంచమం పొడవుకే కోసి, శ్రుతి కూడా కలిపి, కొసలను రెండు చెక్కముక్కల మీద ఆనించిన మరో ముక్క. వచ్చినవారి చేతికి పుల్లనిచ్చి, ముందుగా ఆ టక్కుమనే గొట్టాన్ని కొట్టమనాలి. అదే పొడవున్న పంచమాన్ని వాద్యం మీద కొట్టమనాలి. తేడా ఎక్కడుందో వారినే వెతకనివ్వాలి. చాలామంది ముందు లోహాన్ని అనుమానిస్తారు, తర్వాత పుల్లను. కొందరు మాత్రం వంగి, రంగు పట్టీలను చూసి, వేలితో చూపిస్తారు. అప్పుడు బృందంలోని విద్యార్థి చెక్కముక్కలను లోపలికి జరిపి, కొస నుంచి 7.3 సెంటీమీటర్ల దగ్గర ఆపి, వాటి మీద చిన్న స్పాంజి ముక్కలు పెట్టి, పుల్లను తిరిగి వారికే అందించాలి.